వాకిలి లేని అంగడి

రాజమహేంద్రవరమున మెయిన్‌రోడ్డున గాని, తాడితోట వస్త్రవిపణిలో గాని యొక గడియసేపు నిలిచి చూచినవారికి వర్తకధర్మమును గూర్చి గ్రంథములు చదువవలసిన పని యుండదు. పల్లెనుండి వచ్చిన యిల్లాలు పఱుపుమీద కూర్చుండును. వర్తకుడు మడత విప్పి చీరను పఱచును. ఆమె యంచు తిరుగవేసి చూచును, కొంగు నలిపి చూచును, వెలుతురున కెత్తి చూచును, ధరను సగమునకు దింపి యడుగును, లేచిపోవును, మరల పిలిపించుకొనును. తుదకు సొమ్ము చెల్లించి, మూట చంకబెట్టుకొని, రంగు పోయినచో తిరిగి తెచ్చెదనని యొక మాట యని పోవును. ఆ మాటకు వర్తకుడు నవ్వును గాని కాదనడు. ఏలయన నామె మరల రాగలదనియు, తన యంగడి వాకిలి యెక్కడికిని పోదనియు నతడెఱుగును. ఉభయులకును నడుమ సాక్షియై, జామీనై నిలుచునది యా వాకిలియే.

ఇపుడు అంగడియే మన యింటికి వచ్చుచున్నది. గోడమీది టెలివిజను తెరపై దీపముల కాంతిలో చీరలు, నగలు, వంటపాత్రలు, కీళ్లనొప్పులకు పట్టీలు పగలనక రాత్రియనక ప్రదర్శింపబడుచున్నవి. కొంతకాలము క్రిందట మా పొరుగున నున్న యొక మామ్మగారు అట్టి యొక ప్రదర్శనమును చూచి, మనుమరాలి చేత ఫోను చేయించి, కొన్ని చీరలు తెప్పించుకొనిరి. మూట విప్పిచూడగా తెరపై పట్టువలె మెఱసినవి చేతిలో నూలిపోగులై పోయినవి. ఒకదానికి అంచే లేదు. ఆమె కోపింపలేదు. ఆ మూటను తిరిగి కట్టి మా యింటికి తెచ్చి, "నాయనా, ఈ కొట్టు ఎక్కడుందో కాస్త కనుక్కుని చెబుదూ? నేనే వెళ్ళి ఇచ్చేసి వస్తాను" అనిరి. ఎనుబది యేండ్ల జీవితమున ఆమె యెఱిగిన వర్తకమంతయు నా ప్రశ్నలో నున్నది. మా యొద్ద దానికి సమాధానము లేకపోయెను. మూటపై నొక ఫోను సంఖ్యయు, ఏదో దూరనగరపు గిడ్డంగి పేరును మాత్రమే కలవు.

ఈ విషయమును తలపోయగా, దోషము దూరమునందున్నదా, తెరయందున్నదా, లేక వేఱొకచోట నున్నదా యని విచారింపవలసి వచ్చినది.

దూరవర్తకము మనకు క్రొత్త కాదు. సరకు చేతికందిన పిదప సొమ్ము చెల్లించు వి.పి. తపాలా పద్ధతి హిందూదేశమున 1877వ సంవత్సరమున నారంభమైనది. తరువాతి దశాబ్దములలో చెన్నపట్టణపు వావిళ్లవారి గ్రంథములును, రాజమహేంద్రవరపు కొండపల్లి వీరవెంకయ్యగారి పుస్తకములును, మందులును, గడియారములును, విత్తనములును గోదావరి లంకలలోని పల్లెలకు సైతము తపాలా జవాను చేతిమీదుగా చేరుచుండెడివి. కొనువాడు అమ్మువానిని చూచి యెఱుగడు. అయినను పేరెఱుగును. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ప్రారంభించి, సంగీతసభలలో ఉచితముగా పంచిపెట్టి దాని గుణమును లోకమునకు చాటిరి. ఆ వ్యాపారము వలన వచ్చిన ధనముతోనే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా బొంబాయిలో స్థాపించిరి. 1914లో చెన్నపట్టణమునుండి దినపత్రికగా వెలువరించిరి. తలనొప్పికి మందమ్మిన పేరును, దేశసేవ కంకితమైన పేరును ఒక్కటే. మందు మోసమైనచో పత్రిక పరువు పోవును. పత్రిక కల్లలాడినచో మందు నమ్మకము పోవును. బొంబాయి యెంతదూరమైనను ఆ పేరే యొక వాకిలి.

పాశ్చాత్యదేశములలో నీ దూరవర్తకమునకు క్యాటలాగు అను గ్రంథము పునాదియైనది. చికాగో నగరమున మాంట్‌గొమెరీ వార్డు అను వర్తకుడు 1872లో ఒక్క కాగితముపై ధరల పట్టికను అచ్చువేసి పల్లెటూళ్ల రైతులకు పంపెను. అప్పటివఱకు ఊరి యంగడివాడు చెప్పినదే ధరగా నున్న రైతునకు అచ్చుధర యొక యాయుధమయ్యెను. 1875లో ఆ వర్తకుడే, సరకు తృప్తికరము కానిచో సొమ్ము తిరిగి యిచ్చెదనని ప్రకటించెను. ఇచట మనము గమనింపవలసిన దేమనగా, అచ్చుపడిన మాట నిలిచియుండును. కొలత, రంగు, ధర, షరతు అన్నియు కాగితముపై నుండును. వచ్చిన సరకును ఆ కాగితము ప్రక్కన బెట్టి చూచి, నీవు వ్రాసిన దిది, పంపిన దిది యని నిలదీయవచ్చును. క్యాటలాగనగా నూరూర తిరుగు వాగ్దానపత్రము.

ఈ క్యాటలాగు పద్ధతికిని, వీథియంగడికిని వివాహము చేసిన ఘనత బ్రిటిషు దేశమున ఆర్గోసు అను సంస్థది. 1973లో రిచర్డు టాంప్కిన్సు అను నతడు దీనిని నెలకొల్పెను. ఆ యంగడిలో సరకులు బల్లలపై పేర్చియుండవు. పెద్ద గ్రంథములవంటి క్యాటలాగులు మాత్రముండును. వచ్చినవారు పుటలు త్రిప్పి, కావలసిన వస్తువు సంఖ్యను చిన్న చీటిపై వ్రాసి, సొమ్ము చెల్లించి కూర్చుందురు. వెనుక గిడ్డంగినుండి వస్తువు వచ్చును. సంఖ్య పిలిచినపుడు పోయి తీసికొందురు. ఆ గ్రంథమును ఇంటికిని కొనిపోవచ్చును. ఆ దేశమున పిల్లలు పండుగకు ముందు దాని పుటలు త్రిప్పి, తమకు కావలసిన బొమ్మలకు గుర్తులు పెట్టుకొనెడివారు. నూఱుకోట్లకు మించిన ప్రతులు అచ్చయిన యా గ్రంథమును 2020లో, అనగా దాదాపు అర్ధశతాబ్దము తరువాత, ఆ సంస్థ నిలిపివేయుచున్నట్లు ప్రకటించినది.

ఇట్టి సంస్థ 2011లో స్వంతముగా టెలివిజను ఛానలును ప్రారంభించినది. క్యాటలాగులోని బొమ్మ కదలి మాటలాడినట్లయ్యెను. ఆ ఛానలు చిరకాలము నిలువలేదు. నెట్టు వర్తకము దానిని మించిపోయినది. దాని జయాపజయములు మాకు ప్రధానములు కావు. అందలి యేర్పాటు ప్రధానము. తెరపై వస్తువును చూపుచున్న సంస్థకు తెరవెనుక దేశమంతట వందలకొలది యంగళ్లు కలవు. కొన్న వస్తువు నచ్చనివాడు మూట పట్టుకొని తన యూరి వీథిలోని యంగడికి పోయి బల్లమీద పెట్టవచ్చును. అనగా నచ్చట అంగడి ముందు పుట్టినది. గ్రంథము దానితో పుట్టినది. తెర వాని తరువాత వచ్చినది. వాకిలి గలవాడు గొంతు తెచ్చుకొన్నాడు.

టెలివిజను వర్తకమున కంతకును మూల మిట్టిదే యని పాఠకులు భ్రమపడరాదు. దాని జన్మకథ వేఱు. అమెరికాలో ఫ్లారిడా రాష్ట్రపు క్లియర్‌వాటరు నగరమున 1977లో ఒక రేడియో కేంద్రమునకు ప్రకటనల బాకీ చెల్లింపలేని వర్తకుడొకడు సొమ్మునకు మాఱుగా 112 డబ్బా మూతలు విప్పు పరికరములను ఇచ్చెను. కేంద్రమువారు వానిని రేడియోలోనే అమ్మజూపిరి. చూడజాలని వస్తువును, ఎన్నడును చూడని కంఠమునుబట్టి జనులు కొనివేసిరి! ఆ యాశ్చర్యమునుండియే 1982లో స్థానికమైన టెలివిజను అంగడియు, 1985లో దేశమంతటికిని వ్యాపించిన హోం షాపింగు నెట్‌వర్కును పుట్టినవి. ఇచట సరకు గాని అంగడి గాని ముందు లేదు, మాట ముందున్నది. వాకిలి గలవాడు గొంతు తెచ్చుకొనుట యొకటి. గొంతు మాత్రమే గలవాడు వర్తకుడగుట వేఱొకటి.

అదే 1977లో హైదరాబాదున దూరదర్శన కేంద్రము వెలసినది. నాడు మనకు తెర యనగా వార్తలు, వ్యవసాయము, నాటకము. 1995లో ప్రైవేటు తెలుగు ఛానళ్లు వచ్చినవి. వానితోపాటు అర్ధరాత్రివేళ నడుము సన్నబడు పట్టీలును, అదృష్టము తెచ్చు తాయెత్తులును వచ్చినవి. 2008లో హోంషాప్18 అను ఛానలు ఇరువదినాలుగు గంటలును అమ్మకమునకే యంకితమై ప్రారంభమైనది. అదే యేట పుట్టిన నాప్‌టోలు సంస్థ తరువాత తెలుగువారికై ప్రత్యేకముగ తెలుగుననే యొక ఛానలు నడపినది. ఈ రెండును రెండవ జాతికి చెందినవి. వీథిలో నేండ్లతరబడి వర్తకము చేసి, ఆ పేరుతో తెర యెక్కినవి కావు. తెరమీదనే పుట్టి తెరమీదనే పెరిగినవి. మన పల్లెవాడు మూట పట్టుకొని పోవుట కాయన యూర వానికి వాకిలి లేదు.

వాకిలి లేని లోపమును త్వరతో పూరించుట యీ వర్తకమున నభ్యాసమైనది. తెరమీద గడియారము వెనుకకు నడచుచుండును. మిగిలిన సరకు సంఖ్య క్షణక్షణమునకు తగ్గుచుండును. నేడు విడిచినచో రేపు లేదని కంఠము హెచ్చరించుచుండును. మెయిన్‌రోడ్డు వర్తకుని యెదుట లేచిపోవుట కొనువాని హక్కు. ఈ తెరయెదుట ఆలోచించుటయే నష్టముగ చూపబడుచున్నది. ఆ తొందర నిజమా? 2022 ఫిబ్రవరిలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ నాప్‌టోలుపై చేసిన యుత్తరువు ఈ ప్రశ్నకు జవాబు. తప్పుదారి పట్టించు ప్రకటనలకును, అక్రమ వ్యాపార విధానములకును 10 లక్షల రూపాయల జరిమానా విధించుటయే కాక, ముందుగా చిత్రించిన ప్రదర్శనమును ప్రసారము చేయునపుడు అది ప్రత్యక్షప్రసారము కాదని స్పష్టముగా చూపవలెననియు, నేడు మాత్రమే లభించునను తీరున కృత్రిమమైన కొఱతను కల్పింపరాదనియు నా సంస్థ ఆదేశించినది. నేడే యని పిలిచిన కంఠము ఎన్నటి కంఠమో! అరచేతిలో వైకుంఠము చూపుట యని మన పెద్దలన్నది యిట్టిదానినే.

అయినను మేము తెరను నిందించి యూరకుండుట న్యాయము కాదు. మంచముపట్టిన వృద్ధులకును, బిడ్డల తల్లులకును, బస్సు దిగి మఱి రెండు మైళ్లు నడువవలసిన లంకగ్రామముల వారికిని ఇంటికి వచ్చు అంగడి యుపకారమే. పట్టణపు కొట్టులో కులమును, కట్టుబట్టను చూచి పలుకరించు వర్తకులుండిరి, ఉన్నారు. తెర ఎవ్వరిని చూచియు మొగము చిట్లింపదు. మాంట్‌గొమెరీ వార్డు కాగితము అమెరికా రైతును ఊరి యంగడివాని నిరంకుశత్వమునుండి విడిపించినట్లే, ధర తెలిసికొను స్వేచ్ఛ మన పల్లెలకును కావలసియేయున్నది. వాకిలి గల ప్రతి వర్తకుడును ధర్మరాజని మేమనము. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి యను సామెత టెలివిజను చూచి పుట్టినది కాదు. కాని వాకిలి గల వర్తకుని అధర్మమును వాకిట నిలిచి ప్రశ్నింపవచ్చును. వాకిలి లేనివానిని ఎచట ప్రశ్నింతుము? దోషము దూరమున లేదు, తెరయందును లేదు. జవాబు చెప్పవలసిన చోటు లేకపోవుటయందున్నది.

ఆ చోటును చట్టమైనను కల్పించినదా? 1986లో వచ్చిన వినియోగదారుల పరిరక్షణ చట్టము ప్రకారము, సామాన్యముగ ప్రతివాది యున్నచోట గాని, వ్యాజ్యకారణము కలిగినచోట గాని ఫిర్యాదు చేయవలసి యుండెను. దూరనగరపు సంస్థపై పల్లెవాడు వేయు వ్యాజ్యము ఏ యూరిదను వాదముతోనే సగము కాలము గడచెడిది. 2019లో వచ్చి 2020 జూలైలో అమలుపడిన క్రొత్త చట్టము రెండు మంచిపనులు చేసినది. మొదటిది, టెలిషాపింగు మూలమున కొన్నవాడును వినియోగదారుడే యని నిర్వచనముననే చెప్పినది. రెండవది, కొన్నవాడు తాను నివసించు చోటనో పనిచేయు చోటనో గల జిల్లా కమిషనునందే ఫిర్యాదు చేయవచ్చునన్నది. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలకు మించనిచో ఫిర్యాదునకు రుసుము లేదు. వ్యాజ్యకారణము కలిగిన రెండేండ్లలోగా ఫిర్యాదు దాఖలు చేయవలెను. వ్యాజ్యమునకు పూర్వము 1915 అను సంఖ్యకు ఫోను చేసి జాతీయ సహాయకేంద్రమునకు చెప్పుకొనవచ్చును. అనగా వర్తకుడు కట్టని వాకిలిని చట్టము మన జిల్లాలో కట్టినది. కాని ఆ వాకిలి యున్నదని మన యిల్లాండ్రలో ఎందఱెఱుగుదురు? చీర ధరను నెలల తరబడి చాటు తెర యీ నాలుగంకెల సంఖ్యను చాటుటకు ఏల వెనుదీయవలెను?

ఇంతవఱకు పరుల సంగతి. ఇప్పుడు మన సంగతి. తెర యిపుడు గోడనుండి దిగి అరచేతిలోని ఫోనులో చేరినది. తెలుగుదేశమున వస్త్రవర్తకులు పలువురు తమ యంగడిలోనే ఫోను నిలువబెట్టి, చీరలు విప్పి చూపుచు, యూట్యూబులో, వాట్సాపులో బేరములాడుచున్నారు. హైదరాబాదు గృహిణియు, అమెరికాలోని తెలుగుబిడ్డయు గోదావరి తీరపు కొట్టును చూచుచున్నారు. పరదేశమున పెద్ద సంస్థ 2011లో చేసిన కార్యమును నేడు మన వీథివర్తకుడు తన శక్తికొలది చేయుచున్నాడు. ఇది మాకు సంతోషకరము. ఇతడు వాకిలి గలవాడు. ఇప్పుడు గొంతును తెచ్చుకొన్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదందురు. ఇతని నోటిపై నిపుడు ఊరి పరువు ఆధారపడియున్నది.

ఉప్పాడ జాందానీని తీసికొందము. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన యీ నేతలో బుటా మగ్గముమీదనే పోగుపోగున చేతితో ఎక్కింపబడును. ఒక్క చీరకు వారములు, పనితనమునుబట్టి నెలలును పట్టును. తిరుగవేసి చూచినచో వెనుక దారములు వ్రేలాడవు. అంగడిలో ఇల్లాలు చీరను తిరుగవేయుట యిందుకే. తెరపై తిరుగవేయువాడు వర్తకుడే. అతడు తిరుగవేయడేని, మరమగ్గపు నకలు గూడ దీపకాంతిలో ఉప్పాడయే యగును. అపుడు మోసపోవునది కొన్నయామె యొక్కతెయే కాదు. పిఠాపురము ప్రక్కన మగ్గపు గుంటలో కాళ్లుంచి కూర్చున్న నేతగాడును మోసపోవును. నకలు అసలు పేరున అమ్ముడుపోయిన ప్రతిసారియు అతని నెలల కూలి కొన్ని గంటల కూలితో తూచబడుచున్నది. స్వదేశివస్త్రము కొఱకు ఉద్యమించిన దేశమునకు ఇంతకంటె సిగ్గుచేటు వేఱేమి గలదు?

కావున తెర యెక్కిన మన వర్తకులకు మాదొక విన్నపము. మీ దుకాణపు పేరును, వీథిని, ఊరిని ప్రతి ప్రదర్శనమునను చూపుడు. ప్రదర్శనము ఏనాటిదో తేదీ వేయుడు. చీరను ఎదురును వెనుకను చూపుడు. చేనేతయైన చేనేత గుర్తు చూపుడు, మరమగ్గముదైన నామాటయు చెప్పుడు. తిరిగి తీసికొను షరతును నోటితో చెప్పుటతో తృప్తిపడక వ్రాసి పంపుడు. నెట్టువర్తకమునకై 2020లో వచ్చిన నియమములు వర్తకసంస్థలు పేరును, చిరునామాను, ఫిర్యాదుల నాలకించు నధికారిని ప్రకటింపవలెననియు, ఫిర్యాదును నలువదియెనిమిది గంటలలో అందుకొన్నట్లు తెలిపి నెలలోగా పరిష్కరింపవలెననియు చెప్పుచున్నవి. చట్టము చెప్పకముందే మీ తాతలు పఱుపుమీద కూర్చుండి యీ ధర్మమును నడపిరి. దగ్గఱివానికి తెఱచిన వాకిలిని దూరపువానికి మూయకుడు.

మామ్మగారి కథ ముగింపవలసియున్నది. మేము 1915కు ఫోను చేయించితిమి, కాగితములు పంపితిమి, కొన్ని వారములకు సొమ్ము తిరిగివచ్చినది. ఆ సంగతి చెప్పుటకు పోయినపుడు ఆమె వత్తులు చేసికొనుచుండిరి. విని సంతోషించిరి. మేము లేచుచుండగా మరల పిలిచి, "డబ్బొచ్చింది, సరే. ఇంతకీ ఆ కొట్టు ఎక్కడుందిట నాయనా?" అని యడిగిరి.

ఆ ప్రశ్నకు మేమిప్పటికిని జవాబు చెప్పలేకున్నాము. తెరమీద అమ్మువారెల్లరును చెప్పవలసిన జవాబు అది.